గీజరాయన మంచినీళ్లు

ఆ కాలనీలో నీళ్లని మెచ్చుకున్న మనిషి ఒక్కరూ లేరు. బోరు వేసినవాణ్ణి, వేయించినవాణ్ణి, ఆ స్థలం అమ్మినవాణ్ణి కలిపి తిట్టేవాళ్లే అందరూ. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. దువ్వెన పెడితే జుట్టు ఊడి వస్తుంది. కొత్త బకెట్టు నెల తిరిగేసరికి లోపలంతా తెల్లబడి ముసలిదైపోతుంది. ఆ నీళ్లని అందరూ ఉప్పునీళ్లు అంటారు. నిజానికి వాటిలో ఉన్నది ఉప్పు కాదు, సున్నం. అయినా క్యానుల్లో వచ్చేవి మంచినీళ్లు, కుళాయిలో వచ్చేవి ఉప్పునీళ్లు అని ఒకసారి తేల్చేశాక, లోపల ఏముందో ఎవరికి కావాలి?

ఒక్క మనిషికి మాత్రం ఆ నీళ్లే ఇల్లు నడిపాయి. ఆయన గీజర్లు బాగుచేస్తాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ కరెంటు బిల్లు మీద తప్ప అది ఇంకెక్కడా పనికి రాలేదు. అందరికీ ఆయన గీజరాయనే. స్కూటరు వెనక చిన్న నిచ్చెన కట్టుకుని వస్తాడు. వచ్చీ రాగానే గీజరు విప్పడు. ముందు దాని మీద చెవి ఆనించి, కళ్లు మూసుకుని, డాక్టరులా వింటాడు. లోపల పటపటమని చప్పుడు వస్తే "పట్టేసిందమ్మా" అంటాడు జాలిగా. తర్వాత రాడ్డు బయటికి లాగి, దాని మీద గడ్డకట్టిన సున్నం పెచ్చుల్ని టకటకా రాలగొట్టి, అరచేతిలో పోసుకుని ఇంటావిడకి చూపిస్తాడు. "చూశారా, రోజూ మీరు నెత్తిన పోసుకునేది ఇదే!" ఆవిడ ముఖం చిట్లించిందా, ఆ పూటకి ఆయనకి పండగే.

నలభై దాటేదాకా ఆయన పెళ్లి చేసుకోలేదు. ఒట్టేమీ పెట్టుకోలేదు, ఎవరూ అడగలేదు, తనూ అడగలేదు, అంతే. ఒక చలికాలం ఆడపిల్లల హాస్టల్లో గీజరు బాగుచేయడానికి వెళ్లాడు. ఆ చలికాలం ఆ గీజరు పాడైనన్ని సార్లు లోకంలో మరే గీజరూ పాడై ఉండదు. చివరికి వార్డెనమ్మకి అనుమానం వచ్చింది. "మీరు కావాలనే ఏదో ఒకటి వదులుగా బిగించి వెళ్తున్నారు కదూ?" అని మొహం మీదే అడిగేసింది. ఆయన నీళ్లు నమిలాడు. అబద్ధం ఆడటం ఈయన వల్ల కాదని ఆవిడకి అక్కడే అర్థమైపోయింది. అంతకు ముందు జీవితంలో చాలా చూసిన మనిషి కాబట్టి, ఆ ఒక్క గుణం చాలనుకుంది. నలుగురు సాక్షుల ముందు సంతకాలు పెట్టి, ఆయన రెండో అంతస్తు ఇంటికి వచ్చేసింది.

ఆవిడతో పాటు ఒక పిల్ల కూడా వచ్చింది. తండ్రి పోయేనాటికి చంకపిల్ల. హాస్టల్ వరండాల్లో, పెద్ద పిల్లల మంచాల మీద, వంటింటి గట్టు మీద పెరిగింది. నోరు మూతపడదని తల్లి దాన్ని పిచ్చుక అంటుంది. ఆ పేరు నూటికి నూరుపాళ్లు సరిపోయింది. తల్లిని నువ్వు అంటుంది, పక్కింటి బామ్మగారిని నువ్వు అంటుంది, పాలవాణ్ణి నువ్వు అంటుంది. ఒక్క గీజరాయన ముందు మాత్రం చేతులు కట్టుకుని నిలబడుతుంది.

"తిన్నావా తల్లీ?"

"తిన్నానండి."

"బడిలో ఏం చెప్పారు?"

"పాఠాలు చెప్పారండి."

ఇందులో పిల్ల తప్పేమీ లేదు. హాస్టల్లో దానికి నేర్పిన పద్ధతే అది. రిపేరుకి ఏ మగమనిషి లోపలికి వచ్చినా ఆడపిల్లలు దూరంగా నిలబడాలి, మీరు అనాలి, అండి అనాలి, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాలి. వార్డెనమ్మ పెట్టిన రూలు, వార్డెనమ్మ కూతురు తప్పుతుందా? గీజరాయనని అది మొదట చూసింది నిచ్చెన మీద, చేతిలో స్క్రూడ్రైవరుతో. ఏడాది గడిచింది. సొంత ఇంట్లో, సొంత కుర్చీలో కూర్చున్నా ఆ పిల్ల లెక్కలో ఆయన ఇంకా రిపేరుకి వచ్చిన మనిషే.

ఒకరోజు భార్య దగ్గర బయటపడ్డాడు. "అది నన్ను అండి అంటుందే."

"మర్యాదగా ఉందిగా. ఇంకేం కావాలి మీకు?"

"నాకెందుకే మర్యాద? నేనేమన్నా బ్యాంకు మేనేజరునా?" అని అటు తిరిగి కూర్చున్నాడు. ఆవిడ నవ్వింది గానీ ఆయన నవ్వలేదు. ఆయనకి నాన్నా అని పిలిపించుకోవాలనే ఆశ కూడా లేదు, అంత పెద్ద మాట అడగటానికి తనెవరు? ఒక్క 'నువ్వు' చాలు. అది వస్తే మిగతావి వాటంతట అవే వస్తాయని ఆయన నమ్మకం. దానికోసం ఆ పిల్ల ఏమన్నా తల ఊపేవాడు. టీవీలో ఏ చానల్ పెట్టినా సరే, బడికి ఏ బూట్లేసుకున్నా సరే, పుస్తకాలు మంచం నిండా పరిచినా సరే. ఎంత సరే అంటే అంత అండి వచ్చేది.

చేపల సంగతి పళ్ల డాక్టరు దగ్గర మొదలైంది. లోపల తల్లి కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చుంటే, బయట పిచ్చుక అక్కడున్న గాజు తొట్టికి ముక్కు ఆనించి చేపలతో కబుర్లు పెట్టుకుంది. "నువ్వెందుకు మూలకి పోతున్నావ్? నిన్ను ఎవరైనా ఏమన్నారా? ఏయ్, నువ్వు దాన్ని పొడవకు." బెంచీ చివర కూర్చుని వింటున్న గీజరాయన మనసు కలుక్కుమంది. చేపలకి దక్కింది, నాకు దక్కలేదే అనుకున్నాడు. అనుకుని, వెంటనే, "మనింట్లో కూడా పెట్టుకుందామా తల్లీ? ఏవి కావాలంటే అవి తెస్తా" అన్నాడు.

పిల్ల చటుక్కున నిటారుగా నిలబడింది. "మీ ఇష్టమండి" అంది.

చేపల కొట్టు బజారు చివర ఒక మెట్ల కింద ఉంది. లోపలికి వెళ్తే మూడు వైపులా తొట్లు, గుడగుడమని మోటార్ల చప్పుడు, ఎప్పుడూ తడిగా ఉండే నేల. బోర్లించిన బకెట్టు మీద భుజాన తువ్వాలుతో ఒక పెద్దావిడ కూర్చుని ఉంటుంది. కొనడానికి వచ్చినవాళ్లని ఆవిడ పోలీసు స్టేషన్లో ప్రశ్నించినట్టు ప్రశ్నిస్తుంది.

"మీ ఇంట్లో ఏం నీళ్లు?"

"ఉప్పునీళ్లమ్మా."

"సముద్రంలో కాపురమా?"

"కాదమ్మా, బోరు నీళ్లు. బకెట్టుకి సున్నం పట్టే రకం."

"అలా చెప్పు మరి. ఈ ఊళ్లో అందరూ ఉప్పునీళ్లంటారు, ఒకాయన నిజంగానే గుప్పెడు ఉప్పు కలిపి తెచ్చాడు నాకు చూపించడానికి." ఆవిడ లేచి తొట్ల వెంట నడిచింది. "తొట్టి చిన్నది కదా, చిన్నవే తీసుకో. గప్పీలు, ప్లాటీలు, చిన్న మాలీలు. ఒకదాని జోలికి ఒకటి పోకుండా కలిసి బతుకుతాయి. వీటికి ఆ సున్నమే బలం. తొట్టి నిండా మీ కుళాయి నీళ్లే పోసి, కొన్నాళ్లు ఫిల్టరు తిరగనిచ్చి, అప్పుడు రా."

గీజరాయన బుద్ధిగా తల ఊపాడు. తొట్టి ఇంటికి తెచ్చాడు, హాల్లో బల్ల మీద పెట్టాడు, కుళాయికి పైపు తగిలించాడు. తిప్పబోయి ఆగిపోయాడు. పొద్దున్నే కదా ఒక ఇంట్లో రాడ్డు మీంచి దోసెడు పెచ్చులు రాలగొట్టి వచ్చాడు. జీవితమంతా గీకి పారేసిన ఆ చెత్తని, పిల్ల ముద్దు చేయబోయే ప్రాణాల మీద పోయాలా? మనకి మంచినీళ్లు, వాటికి ఉప్పునీళ్లా? కొట్లో ఆవిడకేం, అమ్ముకునే మనిషి ఎన్నయినా చెప్తుంది. ఆయనకి చేతులు రాలేదు. పైపు చుట్టేసి, కిందికి వెళ్లి, క్యాను తర్వాత క్యాను భుజాన మోసుకొచ్చి తొట్టి నింపాడు. నడుం పట్టేసింది. తొట్టి మాత్రం అద్దంలా మెరిసింది. దాన్ని చూసి మురిసిపోయాడు, పాపం.

కొన్నాళ్లు ఫిల్టరు తిరిగాక చేపలు వచ్చాయి. మొదటి రోజు ఇంట్లో సందడే సందడి. ఆ తర్వాత నల్ల మాలీలు ఉన్నచోటే ఉండి ఒళ్లంతా వణికించడం మొదలుపెట్టాయి, చలి పుట్టిన మనుషుల్లాగా. ప్లాటీలు రెక్కలు ముడుచుకుని అడుగున కూర్చున్నాయి. నీళ్లలో ఏదో తేడా ఉందేమో అని గీజరాయన సగం నీళ్లు తోడేసి మళ్లీ మంచినీళ్లే పోశాడు. వారం తిరక్కుండానే ఒక పొద్దున లేచి చూసేసరికి ఏదీ మిగల్లేదు.

తొట్టి ముందు పిచ్చుక గొంతుక్కూచుని ఉంది. ఏడవటం లేదు. ఆయన వచ్చి వెనక నిలబడితే లేచి నిలబడింది. "పర్లేదండి. మీ తప్పు కాదండి" అంది.

గీజరాయన నీరుగారిపోయాడు. ఒక్క మాట తిట్టినా బాగుండేది. ఏడ్చి గోల చేసినా, కాళ్లు నేలకేసి కొట్టినా బాగుండేది. బయటివాళ్లతో మాట్లాడినట్టు పర్లేదండి అంటుందేమిటి? ఆ పూట పనికి పోబుద్ధి కాలేదు. సరాసరి చేపల కొట్టుకి వెళ్లి, ఉక్రోషమంతా ఆవిడ మీద వెళ్లగక్కాడు. "ఏం చేపలిచ్చావమ్మా నువ్వు? కంటికి రెప్పలా చూసుకున్నా, ఒక్కటి మిగల్లేదు!"

ఆవిడ బకెట్టు మీంచి కదల్లేదు. "ఏం నీళ్లు పోశావ్?"

"మంచినీళ్లమ్మా! ఒక్క చుక్క కుళాయి నీళ్లు తగలనివ్వలేదు."

"ఎవరికి మంచి?"

గీజరాయన తన వైపే వేలు చూపించుకోబోయి దించేశాడు.

"నీకు మంచి, నాకు మంచి. నేను చెప్పినదేంటి, నువ్వు చేసినదేంటి? ఆ క్యాను నీళ్లలో ఏమీ లేదయ్యా. ఉన్నదంతా వడగట్టేసి పోస్తారు. గప్పీకి, మాలీకి సున్నం పడితేనే ఒంట్లో సత్తువ. నువ్వు ప్రేమగా పస్తు పెట్టావు." కాసేపు ఆయన ముఖం చూసి ఆవిడే మెత్తబడింది. "సర్లే, తెలియక చేశావు. కుళాయి నీళ్లు పోసి పెట్టు. ఈసారి పిల్లని కూడా తీసుకురా. ఎవరికోసమో వాళ్లే ఏరుకుంటే బాగుంటుంది."

ఇంటికి పోయి, ఆవిడ అన్న మాటలన్నీ తల్లీకూతుళ్లకి చెప్పేసి, కుళాయి తిప్పాడు. తనకి శత్రువనుకున్న నీళ్లు తొట్టి నిండా పోస్తుంటే ఒళ్లు జలదరించింది. కొన్నాళ్లకి అద్దం అంచు వెంట తెల్లటి గీత పడింది. గోరు దానిమీదికి పోయేది, గీకబోయి ఆపుకునేవాడు. ఫిల్టరు తిరుగుతూనే ఉంది. చేపల కొట్లో ఆవిడ సరేనన్నాక ఒక సెలవురోజు పిల్లని స్కూటరెక్కించుకుని బయల్దేరాడు.

కొట్లో అడుగుపెట్టిన క్షణం నుంచి పిచ్చుక నోరు ఆగలేదు. "అమ్మమ్మా, ఇవన్నీ నీవేనా? నువ్వు రోజూ అన్నిటికీ తిండి పెడతావా? ఒకటి మర్చిపోతే అది నిన్ను పిలుస్తుందా?" చూసిన రెండు నిమిషాలకే ఆవిడకి నువ్వు దక్కింది. గీజరాయన ఒక తొట్టి వెనక నిలబడి, ఉన్న రోషమంతా దిగమింగుకున్నాడు.

పెద్దావిడ పిల్లకి ఏరటం నేర్పించింది. మనం దగ్గరికి వెళ్తే ముందుకొచ్చే చేప మంచిదట. రెక్కలు విప్పుకుని ఉండాలి, పొట్ట లోపలికి పోయి ఉండకూడదు. చారల బార్బులు వద్దు, అవి ఇంకోదాని తోక కొరకందే నిద్రపోవు. గప్పీల్లో మగవాటినే తీసుకెళ్లండి, ఆడవి కలిస్తే ఇల్లంతా పిల్లలే అని కన్ను గీటింది. పిల్ల పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ చివరి తొట్టి దగ్గర ఠక్కున ఆగిపోయింది.

అందులో వేలెడంత కూడా లేని చేపలు, ఒంటి మీద నీలం గీత, కింద ఎర్ర గీత, గుంపంతా ఒకేసారి అటు తిరిగి ఒకేసారి ఇటు తిరుగుతున్నాయి. దీపాలు వెలిగించి వదిలేసినట్టున్నాయి.

"ఇవి! ఇవే కావాలి!"

"అవి నియాన్లమ్మా. మీ నీళ్లకి పనికి రావు. వాటికి సున్నం లేని మెత్తటి నీళ్లుండాలి."

పిచ్చుక బుర్ర చురుకైనది. గిర్రున గీజరాయన వైపు తిరిగింది. "వీటికి మంచినీళ్లే కావాలటండి! మీరు ముందు పోసినవే! మళ్లీ అవే పోద్దామండి!"

పెద్దావిడ భుజాలు ఎగరేసింది. "పోయొచ్చు. ఉత్త క్యాను నీళ్లు చాలవు, కొలత ప్రకారం కలపాలి, ప్రతివారం చూసుకోవాలి. ఒక్క వారం ఏమరుపాటున కుళాయి నీళ్లు పడ్డాయా, డీలా పడతాయి. కొన్నాళ్లు బతుకుతాయిలే. బతకటం వేరు, బాగుండటం వేరు. నీ ఇష్టం నాయనా, పిల్ల అడుగుతోంది మరి."

పిల్ల కళ్లు ఆయన మీదే ఉన్నాయి. ఇన్నాళ్లలో ఆయన్ని అది నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక ఇదే. తల ఊపితే చాలు. క్యానులు మోయటం ఒక లెక్కా, నడుం విరిగినా మోస్తాడు. ఆయన తల సగం ఊగింది కూడా. కానీ తొట్టి ముందు నిలబడి పర్లేదండి అన్న ముఖం గుర్తొచ్చింది. నడుం నొప్పి వచ్చే ఒక వారం, ఊళ్లో లేని ఒక వారం గుర్తొచ్చాయి. ఈ దీపాలన్నీ ఒక పొద్దున ఆరిపోయి ఉంటే ఆ పిల్ల మళ్లీ అదే మాట అంటుంది.

"వద్దు తల్లీ" అన్నాడు.

పిల్ల సరిగా వినలేదేమో అనుకుంది. "ఏవి కావాలంటే అవి తెస్తానని మీరే కదండీ అన్నారు?"

"అన్నాను. తప్పుగా అన్నాను. ఇవి మాత్రం వద్దు."

"రెండేనండి."

"రెండూ వద్దు. గుంపులో తిరిగేవి, రెండే తెస్తే బెంగ పెట్టుకుంటాయి. నువ్వు ఏడ్చినా సరే, వీటిని మనింటికి తీసుకురాను." ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినపడింది. ఇక అయిపోయింది, ఉన్న అండి కూడా పోయింది అనుకున్నాడు.

పిచ్చుక ముఖం కందిపోయింది. "నీకసలేం తెలుసు!" అని కొట్టు అదిరేలా అరిచింది. "మంచినీళ్లు పోసి చంపింది నువ్వే! అమ్మమ్మ చెప్పినా విన్లేదు నువ్వు! నా నల్ల చేపలన్నీ నీవల్లే చచ్చిపోయాయి! ఇప్పుడొచ్చి నాకు చెప్తావా! నేను నీతో మాట్లాడను, ఫో!"

గీజరాయన గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఇన్నాళ్లూ మీ తప్పు కాదండి అన్న పిల్ల కడుపులో ఉన్న మాట ఇదన్నమాట. హంతకుడు అని తేలినందుకు ఇంత సంతోషించిన మనిషి ఇంకొకడు ఉండడు.

"ఏమన్నావ్?" అన్నాడు.

"చంపింది నువ్వే అన్నా!"

"అవును తల్లీ. నేనే."

"అదేంటయ్యా, పిల్ల నానా మాటలంటుంటే పళ్లికిలిస్తావు?" అంది పెద్దావిడ.

పిల్ల మూతి ముడుచుకునే చేపల్ని ఏరింది. కోపంలో భలే బాగా ఏరింది. పిలవకుండానే ముందుకొచ్చిన నారింజరంగు ప్లాటీల్ని, పొడుగు తోకల మగ గప్పీల్ని, రెండు చిన్న నల్ల మాలీల్ని వేలు పెట్టి చూపించింది. సున్నం నీళ్లలో గుల్ల గట్టిపడుతుందని ఆవిడ ఒక నత్తని ఊరికే ఇచ్చింది. స్కూటరు మీద వెనక కూర్చుని, చేపల సంచీ ఒళ్లో పెట్టుకుని, ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. దారి పొడుగునా గీజరాయనకి ఒకటే దిగులు. కోపంలో నోరు జారింది, కోపం దిగాక మళ్లీ మర్యాద వచ్చేస్తుంది. ఎదుటి మనిషిని కోపంలో ఎవరైనా నువ్వు అంటారు. దాన్ని పట్టుకుని మురిసిపోవటమేంటి? అద్దంలో పిల్ల ముఖం చూశాడు. కోపం దిగిపోయినట్టే ఉంది.

ఇంటికొచ్చారు. సంచీని తొట్టి నీళ్లలో తేలనిచ్చి, ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ముడి విప్పబోయాడు.

"ఆగాగు! అప్పుడే విప్పుతావేంటి?" పిచ్చుక పక్కనే వచ్చి నిలబడింది. కోపం లేదు, అలక లేదు. తొట్టిలోకి చూస్తూ మామూలుగా అంది. "సంచీలో నీళ్లు, తొట్టిలో నీళ్లు ఒకటే వేడికి రావాలని అమ్మమ్మ చెప్పింది కదా. నువ్వు ఎవరి మాటా వినవా?"

వంటింట్లోంచి వార్డెనమ్మ గొంతు వచ్చింది, వెనకే మనిషి వచ్చింది. "ఏయ్ పిచ్చుకా! పెద్దవాళ్లతో మాట్లాడే తీరేనా అది? అండి అను!"

"వద్దు!" అని కేక పెట్టాడు గీజరాయన. భార్య అడుగు వెనక్కి వేసింది. పెళ్లయ్యాక ఆయన ఆవిడ మీద గొంతెత్తింది అదే మొదలు. "నువ్వు ఊరుకోవే! దాన్ని ఏమీ అనకు. అలాగే అననీ."

ఆవిడ ఆయన కళ్లలోకి చూసింది. చూసి, తలుపుకి ఆనుకుని నిలబడిపోయింది.

పిచ్చుక ఇదేమీ పట్టించుకోలేదు. "నువ్వు సంచీ సరిగ్గా పట్టుకో" అంది. "చెయ్యి ఎందుకలా వణుకుతోంది నీకు?"